సగ్గుమాను రుచి

మెదాంగ్ వాగు, దలాత్
1984 ఆగస్టు 9, గురువారం

తమ్ముడు బయాంగ్‌కి,

అన్న లుదాక్ దీవెనలు. మరదలు వెరోనికాకి, పిల్లలకి మా ఇద్దరి ఆశీస్సులు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. బాగానే అంటే, నా మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు, మీ వదిన ఒడిలియాకి పై పన్ను ఒకటి ఊడింది, మిగతాదంతా మామూలే. మీరు బింతులులో ఆరోగ్యంగా ఉన్నారని లాంచీ సరంగు సిదూ చెప్పాడు. నీ జుట్టు సగం తెల్లబడిందన్నాడు. మన నాన్నకి అరవై దాటినా నలుపే కదా, నేను నమ్మలేదు.

పదకొండేళ్ళ తర్వాత అన్న చేతిరాత చూసి ఇంట్లో ఎవరో పోయారనుకుని ఉంటావు. ఎవరూ పోలేదు. కంగారుపడకు. మిషన్ బడిలో నాలుగో తరగతితో ఆపేసిన చదువు నాది, తప్పులుంటే మరదలి చేత సరిచేయించుకుని చదువు.

ముందు అసలు పని చెబుతాను. వాగు మలుపులో ఉన్న నీ సగ్గుచెట్లు నరకడానికి వచ్చాయి. నాన్న నాటిన ఆ పద్నాలుగూ కాయలు కాసి చచ్చాక, వాటి మొదళ్ళలో లేచిన పిలకలు ఇవి. మీ వదిన ఏటేటా కత్తి పట్టుకుని వెళ్ళి అడ్డదిడ్డంగా లేచిన పిలకల్ని నరికేసి, బలంగా ఉన్నవాటినే వదులుతూ వచ్చింది. ఇప్పుడు పదహారు మానులున్నాయి. నా రెండు చేతులకీ అందనంత లావు. వానాకాలం ముంచుకొచ్చేలోగా, అంటే అక్టోబరు దాటకుండా నువ్వొచ్చి నరికించుకోవాలి. వానలు మొదలైతే వాగులో దుంగలు తేలేయడం ఎంత కష్టమో నీకు నేను చెప్పక్కర్లేదు.

నా మాట నువ్వు నమ్మవని తెలుసు. అందుకే ఈసారి నా మాట కాకుండా వేరే వాళ్ళ లెక్క పంపిస్తున్నాను. అదెలా వచ్చిందో చెబుతాను, విను.

మార్చి నెలలో వ్యవసాయ కేంద్రం నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు మిస్ తియోంగ్. సీబులో పుట్టిన చీనా పిల్ల. ఇరవై ఏడేళ్ళుంటాయి. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, నెత్తిన మన ఆడవాళ్ళు పెట్టుకునే ఆకుల టోపీ. సగ్గుమాను పెరిగే కొద్దీ లోపలి దవ్వ ఎలా మారుతుందో చూడటం ఆమె ఉద్యోగం. పిలకగా ఉన్నప్పటి నుంచి కాయలు రాలేదాకా, ఏ వయసులో ఎంత నీరు, ఎంత చక్కెర, ఎంత పిండి, ఎంత పీచు అని రాసుకుంటుంది. దానికోసం మానుకి బరమాతో రంధ్రం పెట్టి, చిటికెన వేలంత దవ్వ లాగి, దానిమీద సీసాలోంచి అయోడిన్ చుక్క వేస్తుంది. పిండి ఉంటే నల్లగా నీలంగా మారుతుంది. లేకపోతే టింక్చరు రంగు అలాగే ఉండిపోతుంది. మిగిలిన దవ్వని పొట్లం కట్టి కేంద్రానికి తీసుకెళ్ళి ఎండబెట్టి తూస్తుంది. రంధ్రాన్ని మాత్రం బంకమన్నుతో మూసి వెళ్ళాలి. మూయకపోతే ఎర్రముక్కు పురుగు దిగుతుంది. ఆ పురుగుల వేపుడు మనకిష్టమే గానీ, అందుకని మానంతా పాడుచేసుకోం కదా.

ఊళ్ళో మాను పరీక్ష చేసేవాళ్ళెవరని ఆమె అడిగితే అందరూ నన్ను చూపించారు. సీసాతో చూసే ముందు నమిలి చెప్పేవాడొకడు ఉంటే, మన పద్ధతికీ ఆమె పద్ధతికీ ఎంత తేడా వస్తుందో తేలుతుందట. సరే అన్నాను. మీ వదిన కూడా బయల్దేరింది. ఆమె లేకుండా నేను చిత్తడిలోకి దిగనని ఊరంతా ఎప్పటినుంచో వెక్కిరిస్తూనే ఉన్నారు, అది నీదాకా వచ్చే ఉంటుంది.

ఆ పిల్ల పని నాకు నచ్చింది. జలగలు పట్టినా కేకలు పెట్టదు. మొదటిరోజు ఒక దుంగ మీద కూర్చోబెట్టి మాకు పాఠం చెప్పింది. లేత మానులో దవ్వంతా నీరూ పీచేనట. ఆకులు ఎండలో వండిన చక్కెర కిందికి దిగి, ఏళ్ళ తరబడి మానులో పిండిగా పేరుకుంటుందట. ముందు మొదట్లో, తర్వాత నడుములో, చివరికి మొవ్వ దగ్గర. నెత్తిన పూతకి ముందొచ్చే కొమ్ము లేచేనాటికి మాను నిండుతుంది, పూసేదాకా నిండుగానే ఉంటుంది. కాయ కట్టడం మొదలైతే ఆ పిండే మళ్ళీ చక్కెరగా కరిగి పైకెక్కి కాయల్లోకి పోతుంది. పదేళ్ళు కూడబెట్టింది ఏడాదిలో ఖాళీ. కింద మిగిలేది చెక్క.

మీ వదిన ఊరుకుంటుందా, "ఈ మాత్రం మా అమ్మమ్మకీ తెలుసమ్మా, సీసా లేకుండానే" అంది.

మిస్ తియోంగ్ నవ్వి, "మీ అమ్మమ్మకి తెలిసింది మీకు తెలిసింది పెద్దమ్మా. మీ తర్వాత ఎవరికి తెలుస్తుంది? మీరు రాసిపెట్టలేదు కదా" అంది.

దానికి మీ వదిన దుంగ మీద కాస్త జరిగి ఆ పిల్లకి చోటిచ్చింది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. కోసిన దవ్వ గాలి తగిలి ఎర్రబడుతుందే, అది కుళ్ళు కాదట. జామకాయ కోసి పెడితే రంగు మారినట్టే, లోపల ఉన్న వగరు గాలితో కలిసి చేసే పనట. లేత మానులో ఆ వగరు ఎక్కువ. నిండే కొద్దీ తగ్గుతుంది. నాన్న మనల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది గుర్తుందా, మొదట నాలుక వెనక్కి లాగితే లేతది, ఏ రుచీ లేకుండా పళ్ళకి మెత్తగా అంటుకుంటే నిండింది, చివర్లో కాస్త తీపి తగిలితే ఇంటికి పొమ్మని. అదంతా ఆ పిల్ల పుస్తకంలో అంకెలుగా ఉంది.

మార్చి నుంచి మే దాకా ఇరవై మానులు చూశాం. నేను చెప్పింది, సీసా చెప్పింది పందొమ్మిదింటికి ఒకటే అయ్యాయి. కాపెన్ మామ తోటలో ఒక్కదానికి తేడా వచ్చింది. రెండోసారి రంధ్రం పెట్టి చూస్తే మా మాటే నిజమని తేలింది, ఆమె దవ్వ బెరడుకి మరీ దగ్గర తీసింది. మిస్ తియోంగ్ చేతులు జోడించి, "పెద్దయ్యా, నాకు సీసా ఎందుకు, మీరుంటే చాలు" అంది. తను రాసే నివేదికలో నా పేరు వేస్తానని, లుదాక్ అన్నది ఎలా రాయాలో రెండుసార్లు రాయించుకుంది. ఊళ్ళో కాఫీ దుకాణంలో అదే కబురు. నాకూ గొప్పగానే ఉండింది. ఎందుకు దాచడం.

జూన్‌లో మీ వదిన మేనకోడలి పురిటికని ముకా వెళ్ళింది. ఆ వారంలో ఆరు మానులు చూశాం. నాలుగు తప్పాయి. నేను నిండిందన్న మాను మీద చుక్క వేస్తే అలాగే గోధుమరంగులో ఉండిపోయింది. లేతదన్న మాను బొగ్గులా నల్లబడింది. ఆ పిల్ల అంకెలు రాసుకుని పుస్తకం మూసింది. పొగాకు ఎక్కువ నమిలాను, నోరు బాగోలేదు అని చెప్పాను. "అలాగే పెద్దయ్యా" అంది.

ఇంక నీ చెట్ల సంగతి. వాటిని కూడా చూడమని నేనే అడిగాను. ఆమె మొదట్లో, నడుములో, పైన మూడుచోట్ల దవ్వ తీసి తీసుకెళ్ళింది. పోయిన వారం కాగితం తెచ్చిచ్చింది. పదహారింట్లో పదకొండు పూర్తిగా నిండాయి. ఎండిన దవ్వ వంద పాళ్ళైతే అందులో డెబ్బై ఆరు నుంచి ఎనభై దాకా పిండే. నాలుగు ఇంకో ఏడాది ఆగొచ్చు. ఒకదానికి కొమ్ము లేచింది, నిచ్చెన వేసి చూస్తే మొగ్గలున్నాయి, దాన్ని ముందు నరకాలి. నిండిన పదకొండులో మూడింటికి పై ఆకులు పొట్టిబడుతున్నాయి, అవి కూడా ఎక్కువకాలం ఆగవు. ఆ కాగితం ఇందులోనే మడిచి పెట్టాను. కింద ఉన్న సంతకం ఆమెది, ముద్ర కేంద్రానిది. నావి కావు.

నువ్వొస్తే ఉండటానికి వెనకగది ఖాళీ చేయించాను. గొడ్డళ్ళు రెండున్నాయి, బాడిసకి కొత్త పిడి వేయించాను. దుంగలు వాగులోంచి పోటు మీద తేలేయడానికి కాపెన్ మామ కొడుకులిద్దరూ వస్తామన్నారు. నేను నరకలేను గానీ మొద్దుల్ని తాడుతో కట్టగలను.

ఇంట్లో మాత్రం వారం రోజులుగా వంట నాదే. మీ వదిన నాతో మాట్లాడటం లేదు. చిత్తడిలోకి రావడం లేదు. వరండాలో కూర్చుని చాప అల్లుతోంది. మిస్ తియోంగ్ రెండుసార్లు వచ్చి పిలిచింది. "నాకు పనుంది తల్లీ, ముందు మా ఆయన పని అవనీ" అంటుంది. నేను వండింది మాత్రం తింటుంది, తిని ముఖం చిట్లిస్తుంది.

ఆనాటి మాట కూడా ఒకటి రాయాలి. నువ్వు అడవిలో కలప కొట్టే కూపు నుంచి రెండేళ్ళకి తిరిగొచ్చి చెట్లు నరికిన రోజు, దవ్వ కొబ్బరిపీచులా వచ్చింది. అందరి ముందూ నన్ను అడిగావు, "అన్నా, రెండేళ్ళు ఆగమంది నువ్వే కదా" అని. నేను నిన్ను బద్ధకస్తుడన్నాను. కాలువ తీయలేదు, నీళ్ళు నిలిచి చెట్లు తొందరపడి పూశాయి, నీ పాపమే అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. నీళ్ళు నిలిచింది నిజమే గానీ, అందరి ముందూ అనాల్సిన మాట కాదు. పెద్దవాణ్ణి, నోరు జారాను. చిన్నవాడివి, నువ్వు కూడా మనసులోంచి తీసెయ్యి. వచ్చేటప్పుడు మరదల్ని కూడా తీసుకురా.

ఇట్లు
నీ మంచి కోరే అన్న
లుదాక్

తాజా కలం:

పైదంతా చదివి మీ వదిన ఉత్తరం నా ఒళ్ళో పడేసింది. వారం తర్వాత మొదటిసారి నోరు తెరిచి, "నీళ్ళు నిలిచాయా? ఎక్కడ నిలిచాయి? ఆ కాలువ బయాంగ్ తీస్తుంటే నేనే కదా అన్నం మోసింది!" అంది. "ఇది పోస్టులో వేస్తే నేను ముకా వెళ్ళి అక్కడే ఉండిపోతాను. నిజం రాయి" అంది. రాస్తున్నాను.

నీ చెట్లు నేను చూసింది 1971లో. దానికి ముందు ఏడాది నాకు నలభై రోజులు జ్వరం వచ్చింది, నువ్వే పడవలో సీబు ఆసుపత్రికి తీసుకెళ్ళావు. బతికి వచ్చాను గానీ నాలుక చచ్చిపోయింది. ఉప్పు తెలియదు, తీపి తెలియదు, వగరు తెలియదు. దవ్వ పళ్ళకి అంటుకుందో, పీచు తగిలిందో కూడా తెలియకుండా మొద్దుబారిపోయింది. ఎవరికీ చెప్పలేదు. వస్తుందిలే అనుకున్నాను. ఊళ్ళో నాకున్న పేరంతా ఆ నాలుకదే, అది పోయిందంటే నేనెవర్ని?

ఆ రోజు నీ మాను మీద గొడ్డలి దించి, పేడు తీసి నా చేతిలో పెట్టావు. నమిలాను. ఏమీ తెలియలేదు. "ఇంకోసారి చూడన్నా" అన్నావు. ఇంకో ముక్క తీసుకుని నాన్నలాగా కళ్ళు మూసుకుని నమిలాను, ఉమ్మేశాను, రెండేళ్ళు ఆగమన్నాను. ఆగమంటే నష్టం లేదు కదా అనుకున్నాను. నాకు తెలియదు అన్న మాట నోట్లోంచి రాలేదు. నువ్వు నా మాట మీద ఇల్లు కట్టుకునే పని ఆపుకుని కూపుకి వెళ్ళిపోయావు. అక్కడ నీ రెండు వేళ్ళు రంపం కింద పోయాయి.

ఇంకా ఉంది. ఏడాది తర్వాత నీ చెట్లకి కొమ్ములు లేవడం నేను చూశాను. అప్పుడు కబురు పంపినా మానులు నిండుగానే ఉండేవి. సిదూ లాంచీ వారం వారం మీ కూపు దాకా వెళ్ళేది. కబురు పంపితే నా మాట తప్పని ఒప్పుకున్నట్టే అని ఊరుకున్నాను. రోజూ ఆ దారిన వెళ్తూ తల పైకెత్తేవాణ్ణి కాదు. ఒకరోజు కాయలు నీళ్ళలో పడి కొట్టుకొచ్చాయి.

మీ వదినకి అప్పటికి ఈ సంగతి తెలియదు. నువ్వు ఊరు విడిచి వెళ్ళిన నెలకి పట్టుకుంది. నిమ్మరసం, ఉప్పు, మిరపకాయ ఏదీ వేయకుండా పచ్చి చేప ముక్కలు నా ముందు పెట్టి, "ఉమాయ్ ఎలా ఉంది" అని అడిగింది. "పులుపు బాగా పట్టింది" అన్నాను. ఆమె తిట్టలేదు. మర్నాడు నాతో పాటు చిత్తడిలోకి వచ్చింది.

ఆనాటి నుంచి ఈనాటి దాకా, ఆమె ముకా వెళ్ళిన ఆ వారం తప్ప, ఈ ఊళ్ళో ఏ మాను పరీక్ష చేసినా నమిలింది ఆమె. నేను పేడు తీసి, సగం నేను నోట్లో వేసుకుని, మిగతా సగం ఆమెకిస్తాను. నిండిందైతే ఆకలేస్తోందంటుంది. కాకపోతే దోమల్ని తిడుతుంది. నేను గొంతు సవరించుకుని చెబుతాను. పదకొండేళ్ళు. ఒక్క మాను తప్పలేదు. ఆమె వెంట లేనిదే కదలడని నన్ను వెక్కిరించినవాళ్ళకి ఇది తెలియదు.

మిస్ తియోంగ్‌కి తెలిసిపోయింది. నీ చెట్ల కాగితం ఇవ్వడానికి వచ్చినప్పుడు మా ఇద్దరి ముందూ పుస్తకం తెరిచి, "పెద్దయ్యా, ఇక్కడ ఎవరి పేరు రాయమంటారు?" అని నెమ్మదిగా అడిగింది. నేను నేల చూశాను. మీ వదిన లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కోపం పేరు కోసం కాదు. "నా పేరు రాయకపోయినా పర్లేదు. బయాంగ్ పేరు మీద నువ్వు రాసిన నింద ఎప్పుడు కొట్టేస్తావు?" అని ఆ రాత్రి గోడవైపు తిరిగి అడిగింది. అదే చివరి మాట, ఇవాళ్టి దాకా.

నువ్వు బద్ధకస్తుడివి కావు. కాలువ బాగానే తీశావు. నీళ్ళు నిలవలేదు. ఈ ముక్క వచ్చే ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందు ఊరందరికీ చెబుతాను. నువ్వు వచ్చేదాకా ఆగి నీ ముందు చెప్పాలనుకున్నాను గానీ, ఆగడం నా చేతిలో ఎలా ఉంటుందో నీకు తెలుసు. నివేదికలో ఒడిలియా అని రాయమని మిస్ తియోంగ్‌కి వేరే చీటీ రాశాను.

వస్తావో రావో నీ ఇష్టం. రాకపోతే కాపెన్ మామ కొడుకుల చేత నరికించి, పిండి తీయించి సిదూ లాంచీలో పంపుతాను. వస్తే మాత్రం, మొదటి మాను మీద గొడ్డలి నువ్వే దించు. దవ్వ ముక్క నా చేతికివ్వకు. మీ వదినకివ్వు.